రాకాసి వెనక కథ

హాల్లో ఎవరో "అయ్యో పాపం" అన్నారు.

ఎడిటర్ వెనక వరుసలో గోడ పక్కన కూర్చుని ఉంది. ఆమె తెర వైపు చూడటం లేదు. నెలల తరబడి కోసి, అతికించి, మళ్ళీ కోసిన సినిమా అది. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, నీళ్ళు ఎప్పుడు కదులుతాయో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అందుకని జనాన్ని చూస్తోంది. విడుదలకు ముందు ఒకసారి నాడి పట్టి చూసుకుందామని పిలిపించిన జనం: ఆఫీసు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, ఇళ్ళల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు. మొదటి సగమంతా వాళ్ళు ఆమె కోరుకున్నట్టే ఉన్నారు. కాళ్ళు కుర్చీల మీదికి లాక్కున్నారు. ఒకాయన నోట్లో పెట్టుకోబోయిన బిస్కెట్టుని పెదవుల దగ్గరే పట్టుకుని అలా ఉండిపోయాడు. పాడుబడ్డ నీళ్ళ ట్యాంకులోంచి రాకాసి మొదటిసారి చెయ్యి బయటపెట్టినప్పుడు హాలు హాలంతా ఒక్క గొంతుతో కేక పెట్టింది.

ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది.

రాకాసి ఒకప్పుడు మనిషే. ఒక పెద్దింట్లో పిల్లాణ్ణి ఎత్తుకు తిరిగే ఆయా. పిల్లాడు నీళ్ళలో పడి చనిపోతే, నేరం ఆమె మీదికి నెట్టి, అదే ట్యాంకులోకి తోసి మూత వేశారు. అదీ దాని వెనక కథ. ఆ ముక్క నడుస్తున్నంతసేపూ కాళ్ళు ఒక్కటొక్కటే కిందికి దిగాయి. బిస్కెట్టు నోట్లోకి పోయింది. "అయ్యో పాపం" అన్న మాట వినబడింది అప్పుడే. అక్కణ్ణుంచి రాకాసి ఎన్నిసార్లు వచ్చినా ఎవరూ అరవలేదు. అది హీరో గొంతు పట్టుకున్నప్పుడు ఒక పెద్దావిడ, బాగా అయింది అన్నట్టు తల కూడా ఊపింది.

ఆట అయ్యాక వసారాలో టీ పోయించారు. నిర్మాతని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని, బయటికొస్తున్న ఆడవాళ్ళ మొహాలు చూస్తూ మురిసిపోతున్నాడు.

"చూశారా, కళ్ళు ఎలా ఉబ్బిపోయాయో!"

"వాళ్ళు ఏడవకూడదు సార్," అన్నాడు డైరెక్టర్. అతని మొహం వాడిపోయి ఉంది. "మనం భయపెట్టడానికి పిలిచాం."

"భయపడ్డారు, ఏడ్చారు. ఒక్క టికెట్టుకి రెండూ వచ్చాయి. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఏడ్చాక మళ్ళీ భయపడలేదు సార్. అది ఎవరో, ఎందుకలా అయిందో తెలిసిపోయాక ఇంక అది రాకాసి కాదు. ఎవరింట్లోనో అన్యాయమైపోయిన ఆడమనిషి. ఆ ముక్క తియ్యనని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను. మీరు పట్టుబట్టారని తీశాను."

"ఊరికే చంపుతారా ఎవరైనా? కారణం ఉండొద్దూ?" పెద్దాయన గ్లాసు గట్టు మీద పెట్టి, గొంతు తగ్గించాడు. "నాకున్న వెలితి ఒక్కటే. ఆ ఆయా మొహం. బాగానే చేసింది, కాదనను. కానీ ఎవరికి తెలుసు ఆ మొహం? జనానికి తెలిసిన అమ్మాయిని ఒకర్ని పెట్టి ఆ ముక్క మళ్ళీ తీద్దాం. చూడముచ్చటగా ఉంటే ఇంకా ఏడుస్తారు."

"దానికన్నా మొత్తం పీకేద్దాం సార్."

ఇద్దరూ కాసేపు గుంజుకున్నారు. చివరికి పెద్దాయన, ఫ్లాష్‌బ్యాక్ లేకుండా ఒకసారి చూపించండి, చూశాక చెప్తాను అని తేల్చాడు. ఎడిటర్ టీ గ్లాసుతో పక్కనే నిలబడి వింటోంది.

"మరి రాకాసక్కో?" అంది.

ఇద్దరూ ఆమె వైపు ఏమీ అర్థం కానట్టు చూశారు.

రాకాసక్క అంటే యూనిట్ పెట్టిన పేరు. సినిమా అంతటా ఆ రబ్బరు తోలు తొడుక్కుని, పళ్ళు పెట్టుకుని, నీళ్ళలో నాని, పాకి, గోడలెక్కింది ఆవిడే. వయసు యాభై దాటింది. హీరోయిన్ల బదులు మెట్ల మీంచి దొర్లడం, శవంలా పడుకోవడం, ముసుగేసుకుని గుంపులో పరిగెత్తడం, ఇదీ ఆవిడ ఇన్నేళ్ళ పని. కెమెరా ముందు మొహం కడుక్కుని నిలబడింది ఆ ఫ్లాష్‌బ్యాక్‌లోనే.

"ఆవిడకేమమ్మా? సినిమా అంతా ఆవిడే కదా," అన్నాడు పెద్దాయన.

"మొహం లేకుండా."

"మొహం చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉందిగా," అని ఆయన తన మాటకి తనే నవ్వి, కారు పిలిపించుకున్నాడు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అదే ఆమెను ఎక్కువగా గుచ్చింది.

ఆ సాయంత్రం ఎడిటర్ ఇంటికి వెళ్ళేసరికి ఆమె భర్త ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అతను దెయ్యాల సినిమాల జోలికి పోడు. భార్య పనిచేసినవి చూడక తప్పదు కనక, దానికో ఉపాయం పెట్టుకున్నాడు.

"ముందు ఆ దెయ్యం ఎవరో, ఎందుకు దెయ్యమైందో చెప్పెయ్యి. అప్పుడైతే ధైర్యంగా కూర్చుంటాను."

"ఇవాళంతా దాని మీదే గొడవ," అని ఆమె జరిగింది చెప్పింది.

అతను కత్తి ఆపి ఆలోచించాడు. "మా పాత మేనేజరంటే ఆఫీసంతా హడలిపోయేది గుర్తుందా? ఓ రోజు వాళ్ళావిడ వచ్చి అందరి ముందూ ఆయన్ని వాయించేసింది. ఆ రోజుతో సరి. ఆయన కేకలేస్తే ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు."

"మరి పనులు ఆగిపోయాయా?"

"లేదు. జాలిపడి మేమే చేసిపెట్టేవాళ్ళం."

అది ఎవరి వైపు సాక్ష్యమో తేల్చుకోలేక ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫ్లాష్‌బ్యాక్‌ని కోసి పక్కన పెట్టింది. చెప్పడానికి అది ఒక్క మాటే. ముక్క తీసేస్తే సినిమాలో పన్ను పీకినట్టు గుంట పడుతుంది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. ముందు సీనులో వాన చప్పుడు, తర్వాత సీనులో ఫ్యాను చప్పుడు. రెండూ ఒకదానికొకటి తగులుకుని టక్కుమంటున్నాయి. వానని కొంచెం సాగదీసి, ఫ్యానుని దాని కిందికి ముందే తీసుకొచ్చి, రెండూ కలిసిపోయేదాకా చెవులు రిక్కించి కూర్చుంది. చివర్లో హీరో రాకాసితో "నీకేం జరిగిందో నాకు తెలుసు" అంటాడు. ఇప్పుడు అతనికి తెలిసే దారి లేదు. ఆ మాట తీసేసి, అతని వీపు వైపు నుంచి తీసిన షాటు వెతికి పెట్టింది. అతను ఏమీ అనకుండా నిలబడ్డాడు. రాకాసి అతన్ని చూస్తోంది. ఎందుకు చూస్తోందో తెలియదు. ఆ షాటు ఒంటరిగా నడిపించుకున్నప్పుడు, తను కోసిందే అయినా, ఎడిటర్‌కి మెడ వెనక జలదరించింది.

డైరెక్టర్ చెప్పింది నిజమే. ఇదే మంచి సినిమా. అందులో ఆమెకు అనుమానం లేదు.

పక్కన పెట్టిన ముక్కని తెరిచి మళ్ళీ చూసింది. ఆయా తడి చేతులు చీరకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, లోపలివాళ్ళు పిలుస్తారేమోనని చూస్తోంది. మాటల్లేవు. గడ్డం కింద కండరం ఒకటి వణికి ఆగుతుంది, అంతే. ఈ సినిమాలో ఇంతకన్నా బాగా నటించినవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె అది చూస్తుండగానే ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను రాకాసిని," అని అవతల నుంచి నవ్వు. "గొంతు ఇవ్వడానికి రేపు రమ్మన్నారు. నువ్వు ఉంటావా అక్కడ? నా సీను ఒక్కసారి చూపించవూ? మా చెల్లెలు చూస్తానని ప్రాణం తీస్తోంది. తోడబుట్టినదాని మొహం తెర మీద ఎలా ఉంటుందో చూడాలట."

"రండి అక్కా," అంది ఎడిటర్. తీసేసిన సంగతి చెప్పలేకపోయింది.

సౌండ్ స్టూడియోకి ఇద్దరూ కలిసి వచ్చారు. చెల్లెలు పొట్టిగా, బొద్దుగా, మాటకారి. రాకాసక్క ఉండేది ఆవిడ ఇంట్లోనే. అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకునేలోపే చెల్లెలు సౌండ్ ఇంజనీరు పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా అక్కకి ఇదే మొదటిసారండీ, మొహం కనబడటం. పాపం, దాని బతుకు చెప్తే మీరు నమ్మరు. పెళ్ళైన రెండో ఏడే మొగుడు వదిలేసి పోయాడు. కడుపులో బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచీ ఇలాగే, దెబ్బలు తినే వేషాలు. నా దగ్గరే ఉంటుంది. నేను కూడా లేకపోతే ఏమైపోయేదో."

సౌండ్ ఇంజనీరు "అయ్యో" అని, అద్దం అవతల ఉన్న రాకాసక్క వైపు చూశాడు. రాకాసక్క హెడ్‌ఫోన్ తీగకి పడిన మెలికలు విప్పుతోంది. ఎన్నో మెలికలు లేవు. అయినా విప్పుతూనే ఉంది.

"మొదలెడదామా?" అంది మైకులో.

ముందు ట్యాంకు సీను. తెర మీద నీళ్ళు. రాకాసక్క చెప్పులు విడిచి, మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి పొట్ట మీద అదిమి పెట్టుకుంది. ఊపిరి బయటికి వదల్లేదు, లోపలికి లాగింది. ఎండిన బోరింగు కొడితే వచ్చేలాంటి చప్పుడు, గొంతులో ఎక్కడో అడుగునుంచి గీసుకుంటూ వచ్చింది. తెర మీద చెయ్యి పైకి లేచింది.

చెల్లెలు కెవ్వుమంది. కుర్చీతో సహా వెనక్కి పోయి, ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా ఒంపుకుంది.

"అది నువ్వేనా? నిజంగా నువ్వేనా?" అని అద్దంలోంచి అక్కని చూస్తూ అరిచింది. లోపల నిలబడి ఉన్నది అక్కే అని కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. అయినా కుర్చీని ముందుకి జరపలేదు.

రాకాసక్క పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "మళ్ళీ వెయ్యి నాయనా, ఊపిరి ఇంకా దింపాలి," అంది ఇంజనీరుతో. రెండోసారి చెల్లెలు కళ్ళు మూసుకుంది, వేళ్ళ సందుల్లోంచి చూసింది, మళ్ళీ అరిచింది. రాకాసక్క మూడోసారి కూడా వేయించుకుంది. మూడోసారి అవసరం లేదని అందరికీ తెలుసు.

తర్వాత, మాట ఇచ్చినట్టే, ఎడిటర్ ఫ్లాష్‌బ్యాక్ చూపించింది. రాకాసక్క బయటికొచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. మొదటి షాటులో తన మొహం అంత పెద్దగా కనబడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఆయాని ట్యాంకు దగ్గరికి ఈడ్చుకెళ్ళే చోట చెల్లెలికి దుఃఖం ఆగలేదు.

"అచ్చం అలాగే నిలబడ్డావే నువ్వు, వాడు పోయిన రోజు. అదే మొహం. అయ్యో, అదే మొహం!"

రాకాసక్క మోచెయ్యి మెల్లగా విడిపించుకుని లేచింది.

ఇంకో రెండు సీన్లకి ఊపిరి ఇవ్వాల్సి ఉంది. అవి ఫ్లాష్‌బ్యాక్ తర్వాతవి. రాకాసక్క లోపలికి వెళ్ళి అదే శ్రద్ధతో చేసింది. ఈసారి చెల్లెలు అరవలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "అది మాత్రం ఏం చేస్తుంది పాపం, వాళ్ళు అలా చేస్తే," అంటూ కూర్చుంది. అద్దం అవతల రాకాసక్క చెల్లెలినే చూస్తోంది. చేయడం అయిపోయాక హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించి, చాలాసేపు చెప్పులు వెతుక్కుంది. అవి కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

చెల్లెలు మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఎడిటర్ ఇంక దాచలేకపోయింది.

"అక్కా, మీకో మాట చెప్పాలి. ఆ సీను ఉండకపోవచ్చు. డైరెక్టర్ గారు తీసేద్దామంటున్నారు. పెద్దాయన ఏమో వేరే అమ్మాయిని పెట్టి మళ్ళీ తీద్దామంటున్నారు."

రాకాసక్క గోడకి ఆనుకుంది. "ఎటు చూసినా నేను లేనన్నమాట."

"ఇంకా తేలలేదు."

"ఎవరా అమ్మాయి?"

"ఎవరో తెలియదు."

"మోకాలు నొప్పి పుట్టేదాకా నీళ్ళలో కూర్చున్నది నేను. ఏడవడానికి మటుకు వేరే మొహం కావాలి." ఆవిడ గొంతు పెద్దదైంది. వసారాలో వెళ్తున్న ఇద్దరు తిరిగి చూశారు. "మరి నిన్న ఎందుకు చెప్పలేదు? ఫోన్లో రండి రండి అన్నావు. మా చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చేదాన్నా నేను?"

ఈలోగా చెల్లెలు తడి మొహంతో వచ్చి, "ఏమైందే?" అంది. "ఏం లేదు, పద," అని రాకాసక్క ముందు నడిచింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు.

ఆ రాత్రి పడుకునే ముందు ఎడిటర్ ఒక నిర్ణయానికి వచ్చింది. సినిమా కొంచెం చెడితే చెడింది. ఆ ముక్కని ఆ మొహంతోనే ఉంచమని పెద్దాయనతో గట్టిగా మాట్లాడాలి. ఆయనకి కన్నీళ్ళు కావాలి, ఉన్నాయి. ఇంకొక అమ్మాయి అక్కర్లేదని ఒప్పించవచ్చు. డైరెక్టర్ మండిపడతాడు, పడనీ. అలా అనుకున్నాక మనసు కుదుటపడింది.

పొద్దున ఆమె వెళ్ళేసరికి ఎడిటింగ్ గది బయట బల్ల మీద రాకాసక్క కూర్చుని ఉంది. ఒక్కతే.

"మా చెల్లెలికి చెప్పకుండా వచ్చాను," అంది. "రెండూ చూపించు. ఆ సీను ఉన్నదీ, లేనిదీ."

ఎడిటర్ తాళం తీసి, కుర్చీ వేసింది. ఫ్లాష్‌బ్యాక్ ఉన్న సినిమాని సగం నుంచి చూపించింది. తర్వాత లేనిది. రాకాసక్క రెండిట్నీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా చూసింది. రెండోదాంట్లో, హీరో వీపు అవతల నుంచి రాకాసి చూసే ఆ ఉత్త చూపు దగ్గర, ముందుకి వంగింది.

"ఇక్కడ నేనేం ఆలోచిస్తున్నానో తెలుసా?" అంది. "నడుం నొప్పి. ఇంకెంతసేపు నిలబెడతారో అని."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎడిటర్ చెప్పింది. "నేను పెద్దాయనతో మాట్లాడతాను అక్కా. ఆ సీను ఉండాలి, మీతోనే ఉండాలి అని. రాత్రే అనుకున్నాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? ఇన్నేళ్ళుగా మీరు..." ఎడిటర్ ఆగింది. ఆ వాక్యం చివర నాలుక మీదికి వచ్చి కూర్చున్న మాట 'పాపం'. అది బయటికి రాలేదు. కానీ రాకాసక్క మొహం చూస్తే, వచ్చినా రాకపోయినా ఒకటేనని తెలుస్తోంది.

రాకాసక్క తెర వైపు తిరిగింది.

"నిన్న మా చెల్లెలు అరిచింది చూశావా?"

"చూశాను."

"ఎత్తుకుని పెంచాను దాన్ని. ఒక్కసారి కూడా నాకు భయపడి ఎరగదు. ఎవరూ భయపడరు నాకు. అందరికీ నా కథ తెలుసు కదా. బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెప్తుంది. మంచి మనసుతోనే చెప్తుందమ్మాయ్, దాన్ని తప్పు పట్టలేను. చెప్పాక వాళ్ళు నన్నొక చూపు చూస్తారు. ఆ చూపు పడ్డాక నేనేం మాట్లాడినా, నవ్వినా, కోప్పడినా, వాళ్ళకి అదే కనబడుతుంది. మొగుడు వదిలేశాడు కదా, అందుకని. నిన్న సౌండ్ అబ్బాయి కూడా చూశాడు. అంతకుముందు దాకా బాగానే మాట్లాడాడు."

ఎడిటర్ తెర మీద ఆగి ఉన్న రాకాసి బొమ్మ వైపు చూసింది.

"ఆ తోలు తొడుక్కుంటే మటుకు ఎవరూ ఏం అడగరు. లైట్లబ్బాయిలు పక్కకి తప్పుకునేవాళ్ళు. ఓ రోజు ఆ చేతులతోనే టీ తెచ్చుకుందామని వెళ్తే, పోసేవాడు గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తాడు." ఆవిడ కళ్ళు మెరిశాయి. "దానికీ ఓ కథ తగిలించి దాన్నీ నాలాగా చేసేశారు మీరు. తీసెయ్యి."

"మీ మొహం?"

"మొహం పోతే బాధ లేదనకు. ఉంది. ఆ సీను తీసిన మూడు రోజులూ మేకప్పబ్బాయి పౌడరు అద్దుతుంటే ఎంత హాయిగా ఉండేదో! రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆ మొహం నేను రోజూ చూస్తున్నదే. పెద్దది చేసి చూపించారు, అంతే." లేచి కొంగు సర్దుకుంది. "ఇంకో సినిమాలో ఎవరైనా పిలిస్తే, అప్పుడు చూద్దాం. దెబ్బలాడే వేషం అయితే బావుంటుంది. నువ్వు మాత్రం నా కోసం అని ఏమీ ఉంచకు. సినిమాకి బావుంటే ఉంచు, లేకపోతే లేదు."

ఎడిటర్‌కి చెవులు వేడెక్కాయి. రాత్రి పడుకునేటప్పుడు తన మంచితనం తనకే ఎంత ముచ్చటగా తోచిందో గుర్తొచ్చింది.

రెండు రోజుల తర్వాత పెద్దాయన వచ్చి ఫ్లాష్‌బ్యాక్ లేని సినిమా చూశాడు. ఆయన పక్కన డైరెక్టర్, వెనక ఎడిటర్. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక కూడా ఆయన లేవలేదు.

"ఇంతకీ అది ఎందుకలా చేసింది?"

డైరెక్టర్ నోరు తెరిచాడు. ఎడిటర్ వెనక నుంచి అతని చొక్కా లాగింది.

"తెలియదు సార్," అంది.

"తీసినవాళ్ళు మీకే తెలియకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా?" ఆయన చిరాగ్గా లేచాడు. "జనం కుర్చీలు విరగ్గొడతారు. ఫ్లాష్‌బ్యాక్‌కి అనుకున్న అమ్మాయితో మాట్లాడి షూటింగు రోజులు కుదుర్చుకుంటాను," అని వెళ్ళిపోయాడు. డైరెక్టర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఎడిటర్ ఇంకా ఇంట్లో ఉండగానే పెద్దాయన ఫోను.

"అమ్మా, అది ఆ ఇంటివాళ్ళ పిల్లే కదూ? చిన్నప్పుడు తప్పిపోయిన పిల్లేదో ఉండి ఉంటుంది."

"కావచ్చు సార్."

"మా ఆవిడకి కథ చెప్తే కాదంటుంది. ట్యాంకు కట్టినప్పుడు లోపల ఉండిపోయిన కూలిమనిషట. అలాగైతే ఆ ఇంట్లో ఉన్న చిన్నపిల్ల జోలికి ఎందుకు పోలేదు? చివర్లో ఆ చూపేమిటి? అతన్ని గుర్తుపట్టిందా?"

"మీకేమనిపించింది సార్?"

"ఏమనిపించిందో తెలిస్తే నీకెందుకు చేస్తాను? స్నానాలగదిలో కుళాయి కారుతుంటే ఇద్దరం లేచాం. నువ్వెళ్ళి కట్టెయ్యమంటే నువ్వెళ్ళమని." గొంతు సవరించుకున్నాడు. "సరేలే. అలాగే ఉండనీ. ఆ అమ్మాయికి కూడా తీరిక లేదట."

రెండు కారణాల్లో ఏది అసలుదో ఎడిటర్ అడగలేదు. ఫోను పెట్టేసి డైరెక్టర్‌కి చెప్పింది. అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఒక్క మాట," అంది ఆమె. "రాకాసక్క పేరు చివర్లో గుంపులో కలపకండి. ఒక్కదాన్నే వెయ్యాలి. అందరికన్నా ముందు."

"తప్పకుండా," అన్నాడతను. "అసలు నాకు తోచనే లేదు చూడండి."

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకి ఎడిటర్, రాకాసక్క కలిసి వెళ్ళారు. చెల్లెలు, దాని జోలికి మళ్ళీ రాను బాబోయ్ అని ఇంట్లోనే ఉండిపోయింది. రాకాసక్కకి ఒక పక్కన ఎడిటర్, ఇంకో పక్కన ఎవరో భారీ మనిషి, భర్తతో వచ్చినావిడ. భర్త మొదట్నుంచీ ఫోను చూసుకుంటున్నాడు.

ట్యాంకు సీను వచ్చింది. నీళ్ళు కదిలాయి. ఎండిన ఆ ఊపిరి హాలంతా పాకింది. చెయ్యి పైకి లేచింది. హాలు దద్దరిల్లింది. ఆ భారీ మనిషి ఓ పక్క భర్త కోసం తడుముకుని, దొరక్క, రెండో పక్కకి తిరిగి రాకాసక్క చెయ్యి పట్టేసుకుంది. ఎవరి చెయ్యో కూడా చూసుకోలేదు. కేకలు ఆగాయి. చెయ్యి వదల్లేదు. రాకాసక్క కూడా లాక్కోలేదు. తెర వెలుగులో ఆవిడ మొహం ఎడిటర్‌కి కనబడుతోంది. కళ్ళు పెద్దవి చేసుకుని, అందరితో పాటు తనూ భయపడుతున్నట్టే చూస్తోంది. ఈసారి కాళ్ళు ఎవరివీ కిందికి దిగలేదు.

చివర్లో తెర మీద ఆవిడ పేరు ఒక్కటే వచ్చింది. అప్పటికే సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. రాకాసక్క ఆ పేరు పోయేదాకా చదువుకుంది.

"ఎవరంటారండీ అది?" పక్కావిడ అడిగింది, చెయ్యి ఇంకా పట్టుకునే. "ఎందుకలా అయిపోయింది?"

ఎడిటర్ రాకాసక్క వైపు తిరిగింది.

"ఏమోనమ్మా," అంది రాకాసక్క. "వాళ్ళు చెప్పలేదుగా."

"చెప్తే వాళ్ళ సొమ్మేం పోయింది? ఇప్పుడు నేను ఇంటికెళ్ళి నీళ్ళెలా పట్టుకోవాలి?"

భర్త ఫోను చూసుకుంటూ ఎప్పుడో ముందుకి వెళ్ళిపోయాడు. బయటికి దిగే మెట్ల దగ్గర ఒక లైటు వెలగడం లేదు. ఆ భారీ మనిషి మొదటి మెట్టు మీదే ఆగిపోయి, కిందనున్న చీకటిలోకి తొంగిచూసింది.

"కాస్త కింది దాకా తోడు వస్తారా? నవ్వకండి."

"నవ్వనమ్మా," అని రాకాసక్క ఆవిడ చెయ్యి తన చంకలోకి తీసుకుంది. "నేను ముందు కాలు పెడతాను. మీరు నన్ను పట్టుకుని రండి."

ఆవిడ రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగారు. వెనక ఎడిటర్, వాళ్ళని తొందరపెట్టకుండా, నెమ్మదిగా దిగింది.